ఆడవాళ్ల వైపు వేసిన మిక్సర్ బల్ల

నాకింకా ముప్పై నిండలేదు. అయినా నేను చేసిన పని నా వరకు అయిపోయింది. "రిటైరైపోతివి కదమ్మా, పెన్షన్ ఎప్పుడొస్తాదో అడిగి చెప్పు, నేనూ రాసుకుంటా" అని మా చిన్నాయన ఎగతాళి చేస్తుంటాడు. మా నాయన తమ్ముడాయన, పేరు ఇమ్మానుయేలు. మార్కాపురంలో సౌండ్ సిస్టమ్ దుకాణం నడుపుతాడు. ప్రార్థన కూటాలు, పెళ్లిళ్లు, తిరునాళ్లు, ఎక్కడికి పిలిచినా పోతాడు, ఒక్క రికార్డింగ్ డాన్సులకు తప్ప. డిగ్రీ అయినప్పటి నుంచి మొన్నటిదాకా, మైకులన్నిటి హెచ్చుతగ్గులు సరిచేసే ఆయన మిక్సర్ దగ్గర కూర్చున్నది నేనే.

ఇప్పుడు నా చోట గ్రేసు అనే అమ్మాయి చేరింది. చేరిన వారంలోనే అడిగింది: "అక్కా, మిక్సర్ మీద నీళ్లు పడితే ఏం చేయాల?" ఒక్క మాటలో చెప్పబోయాను. నోరు తెరిచాక నాకు తెలిసినదేదో, తెలియనిదేదో కలిసిపోయాయి. "రాసిస్తాలే" అన్నాను. మాట్లాడటం కంటే రాయడం నాకు ఎప్పుడూ సులువు. రాస్తూ పోతే నీళ్లతో మొదలైన సంగతి ఎక్కడికో పోయింది. పోయినచోటికి పోనిచ్చాను.

ఎవరూ చూడని కుర్చీ

ఈ పని బాగా చేస్తే ఎవరికీ కనిపించదు. పాట బాగుంటే పాడినామె బాగా పాడిందంటారు. వాక్యం స్పష్టంగా వినిపిస్తే పాస్టరు అయ్యగారు బాగా చెప్పారంటారు. మైకు కూ అని కేకపెట్టినప్పుడు మాత్రం వందల తలకాయలు ఒక్కసారి నీ వైపు తిరుగుతాయి. నలుగురిలో పేరు చెప్పడానికే గొంతు పెగలని మనిషిని నేను. అలాంటిది నా వేలి కింద బటన్ కొంచెం పైకి జరిపితే చివరి వరసలో కునుకుతున్న తాత లేచి కూర్చునేవాడు. ఆ సంతోషం ఎవరికీ చెప్పుకోలేదు.

కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పాల్సింది ముందు ఇది. ఈ పనికి మెషిన్ల తెలివి కంటే చెవి కావాలి. మా చిన్నాయనకు మెషిన్లు బాగా తెలుసు. చెవులు మాత్రం తగ్గిపోయాయి. ఇనప హారన్ స్పీకర్ల కాలం నుంచి వాటి కిందే నిలబడి పనిచేసిన మనిషి. "నీ చెవే నా చెవి. నువ్వు బాగుందంటే బాగున్నట్టు, లేదంటే లేనట్టు" అనేవాడు. అది మెచ్చుకోలో, బరువో అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ సరిగ్గా తెలియదు.

నీళ్లలో రకాలు

నీళ్లన్నీ ఒకటి కావు. వాన నీళ్లు చాలావరకు మంచివి. కరెంటు తీసేసి, విప్పి, ఆరబెడితే మెషిన్ బతుకుతుంది. మా వైపు బోరు నీళ్లు అలా కాదు. గిన్నెలో మరిగిస్తే అడుగున తెల్లగా పొర కట్టే నీళ్లవి. బోర్డు మీద పడి ఆరిపోతే అదే పొర రాగి గీతల మీద కూర్చుని నెలల తరబడి తింటుంది. పడిన రోజు ఏమీ కాదు. పంటలైపోయి, జనం మరిచిపోయాక ఒక రోజు మైకు చచ్చిపోతుంది.

అన్నిటికన్నా చెడ్డవి పెళ్లి నీళ్లు. గిద్దలూరులో ఒక పెళ్లికి పోయాం. పెళ్లికొడుకు మేనత్త పన్నీరు బుడ్డి పట్టుకుని వచ్చినవాళ్లందరి మీదా చల్లుతోంది. నా దగ్గరకూ వచ్చింది.

"వద్దత్తా, మెషిన్ ఉండాది" అన్నాను. నాకే వినపడనంత మెల్లగా అని ఉంటాను.

"మెషిన్ అయితే ఏంది, అది పెళ్లికి రాలా?" అని దాని మీద ఇంకొంచెం ఎక్కువ చల్లింది.

పన్నీరులో చక్కెర ఏమైనా కలుపుతారో ఏమో, వారం తిరక్కముందే ఆ వైపు బటన్లు బంకగా పట్టుకున్నాయి. నాలుగు చుక్కలకు ఆ గతి. దొనకొండ దగ్గర మాలాగే సౌండ్ పెట్టే ఒకాయన మాత్రం తన మిక్సర్ మీద టీ ఒలికితే విప్పి, కుళాయి కింద పెట్టి అంట్లు తోమినట్టు బోరు నీళ్లతో తోమేశాడు. విన్నప్పుడు నవ్వుకున్నాం. ఆ మిక్సర్ ఇప్పటికీ పనిచేస్తోంది. ఎందుకు పనిచేస్తోందో మా రిపేరు మస్తాన్ మామను అడిగాను. "దానికి తెలియదమ్మా అది చచ్చిపోవాలని" అన్నాడు. అంతకంటే మంచి జవాబు నాకు ఎక్కడా దొరకలేదు.

కాబట్టి గ్రేసూ, గట్టిగా చెప్పగలిగేవి కొన్నే. తడిస్తే ముందు కరెంటు పీకు. పనిచేస్తోందా లేదా చూద్దామని ఆన్ చేయొద్దు. తడి చంపిన మిక్సర్ల కంటే 'చూద్దాం' చంపినవే ఎక్కువ. విప్పి, స్పిరిట్‌తో బ్రష్ పట్టి, బాగా ఆరబెట్టు. మిగతాదంతా మస్తాన్ మామ మాటే.

బల్ల ఎక్కడ వేస్తారు

మిక్సర్ బల్ల జనం మధ్యలో ఉండాలి. వాళ్లు వినేదే నువ్వూ వినాలి. పుస్తకాల్లో అలాగే ఉంటుంది. మా చిన్నాయన ఒక్కడే పోయిన రోజుల్లో అలాగే మధ్యలో, మగవాళ్ల మొదటి వరసల వెనక వేసుకునేవాడు.

నేను చేరినప్పటి నుంచి మారింది. మా వైపు చర్చి సంఘాల్లో చాపల మీద ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు కూర్చుంటారు. మొదటిసారి పోయినప్పుడే సంఘ పెద్ద ఒకాయన బల్లను చూసి, "పిల్లను మగోళ్ల మధ్యన కూర్చోబెడతావా ఇమ్మానుయేలూ? ఆడోళ్ల పక్కకు ఏయించు" అన్నాడు. ఆడవాళ్ల మధ్యన వేస్తే వైర్లు కాళ్లకు తగులుతాయని పక్కగా, ముందుగా వేశారు. అంటే ఎడమవైపు స్పీకర్ బాక్సు పక్కన. తిరునాళ్లలోనూ అంతే. పెళ్లిళ్లలోనూ అంతే. ఎవరూ చెప్పకపోయినా నా బల్ల అక్కడికే పోయేది.

నాకు హాయిగానే ఉండేది. నిజం చెప్పాలి. ఆ వైపు ఆడవాళ్లు నన్ను చూసుకున్నట్టు ఎవరూ చూసుకోలేదు. టీ ముందు నాకే వచ్చేది. ఎండ తగిలితే ఎవరో ఒకరు చీర అడ్డం కట్టేవారు. "బిడ్డా, తిన్నావా?" అని అడగని ఊరు లేదు. నిలువెత్తు బాక్సు నా ఎడమ భుజం పక్కన మోగుతూ ఉండేది. ఆ మోతలో నన్ను ఎవరూ మాట్లాడించరు కదా అని అదీ బాగానే ఉండేది.

తర్లుపాడు దగ్గర కూటాలు

నా బల్లను మొదటిసారి పక్కకు వేయించిన ఊరే అది, తర్లుపాడుకు కొంచెం అవతల. సాయంత్రం కూటాలు. మధ్యాహ్నమే పోయి సామాను దించి, అన్నీ కలిపి, పాటలామెతో మైకులు చూస్తున్నాం. ఉన్నట్టుండి వాన కొట్టింది. మా వైపు వాన వస్తే ఎవరూ తిట్టరు. పిల్లలు కేకలు పెట్టారు, పెద్దవాళ్లు నవ్వుకుంటూ షామియానా కిందికి వచ్చారు. నేను కరెంటు తీసేసి, మిక్సర్ మీద పట్ట కప్పాను. అంతా సరిగ్గానే చేశాను.

వాన తగ్గింది. షామియానా గుడ్డ నడిమధ్యన నీళ్లు నిండి ఈనబోయే గేదె పొట్టలాగా కిందికి దిగింది. అప్పుడు పాటలామె మళ్లీ మైకు చూసుకుంటానంటే పట్ట తీశాను. ఇంకా ఆన్ చేయలేదు.

"గుడ్డ చినిగిపోతాది, నీళ్లు దించండిరా" అని సంఘ పెద్ద అరిచాడు. మగవాళ్లు నలుగురు గడకర్రలు తీసుకుని ఆ పొట్టను కింద నుంచి పైకి నెట్టారు. ఏ పక్కకు నెట్టాలి? కుడివైపు మగవాళ్లు కూర్చున్నారు. నడుమ వేదిక. ఎడమవైపు ఆడవాళ్లు ఇంకా రాలేదు, చాపలు ఖాళీ. ఖాళీగా ఉన్నదని అటు నెట్టారు. నేనూ, మిక్సరూ అటే ఉన్నాం.

బిందెలకొద్దీ నీళ్లు. నేను పట్ట అందుకునేలోపే అయిపోయింది.

తరువాత జరిగింది ఇంకా తికమక. కేకలు విని ఆడవాళ్లంతా ఇళ్లలో నుంచి పరిగెత్తుకొచ్చారు. కొంగులతో తుడిచారు. అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారూ అని పిలిచే ఆమె, ఇంట్లోకి పోయి ముఖానికి పూసుకునే పౌడర్ డబ్బా తెచ్చింది. "తడి పీల్చుకుంటాది తల్లీ, మా రేడియోకు ఇట్లనే చేసినా" అని బటన్ల సందుల్లోకి దులిపింది. వద్దనాలని నాకు తెలుసు. కానీ నాకంటే ఆమె ఎక్కువ ఏడ్చేలా ఉంది. నా నోటి నుంచి మాట వచ్చేసరికి మిక్సర్ తెల్లగా, మల్లెపూల వాసన వేస్తూ ఉంది.

చిన్నాయన వచ్చి చూశాడు. "పెళ్లికూతుర్ని చేసినారు కదమ్మా దీన్ని" అన్నాడు.

ఆ సాయంత్రం ఒక చిన్న ఆంప్లిఫయర్ పెట్టెతో, ఒక్క మైకుతో కూటాలు నడిచాయి.

తప్పు కదలలేదు

దుకాణం వెనక పలకల ఫ్యాక్టరీ ఉంది. రాళ్లు దొంతర్లుగా ఎండలో ఉంటాయి. చేయి పెడితే కాలుతుంది. మస్తాన్ మామ మిక్సర్ విప్పి, బోర్డులన్నీ స్పిరిట్‌తో కడిగి, పౌడరంతా బ్రష్‌తో లాగి, ఆ పలకరాళ్ల మీద గోనె పరిచి ఆరబెట్టాడు. పగలంతా వాటికి కాపలా కూర్చుని ఒక నవల మొత్తం చదివేశాను. మళ్లీ బిగించి ఆన్ చేస్తే అన్ని లైట్లూ వెలిగాయి.

ఒక పాట పెట్టి హెడ్‌ఫోన్‌లో విన్నాను. కుడివైపు బాగుంది. ఎడమవైపు ఏదో తక్కువైంది. టాంబరిన్ గజ్జెలు కుడివైపు విడివిడిగా రాలుతున్నాయి. ఎడమవైపు గుడ్డ కప్పుకుని మోగుతున్నాయి. 'స' అనే అక్షరం ఎడమవైపు మొద్దుబారింది.

"ఎడమ పోయింది మామా" అన్నాను.

మస్తాన్ మామ విన్నాడు. "ఏం పోలేదమ్మా. రెండూ ఒకటిగనే ఉండాయి."

"బాగుచేసినోడు చెడిందని చెప్తాడా?" అన్నాడు చిన్నాయన.

"అయితే నువ్వే విను అన్నా."

"నాకు రెండూ ఒకటే. ఎప్పటి నుంచో ఒకటే. పాప చెప్పిందే మాట."

మా పనిలో మొదటి పాఠం, మార్చి చూడు అని. తప్పు ఎక్కడుందో తెలియకపోతే ఒక్కొక్కటీ మార్చుతూ పో. తప్పు దేనితో పోతే అదే దోషి. వైరు కొత్తది వేశాం. ఎడమ అలాగే ఉంది. బాక్సు వేరేది పెట్టాం. అలాగే ఉంది. హెడ్‌ఫోన్ కొత్తది తెచ్చాం. అలాగే ఉంది. ఏం మార్చినా తప్పు ఎడమవైపు నుంచి కదలలేదు.

"అట్ల ఉండదమ్మా" అన్నాడు మస్తాన్ మామ. "తప్పు దేన్నో ఒకదాన్ని పట్టుకుని పోవాల."

మార్చనిది మిక్సర్ ఒక్కటే మిగిలింది. దుకాణానికి అదొక్కటే పెద్దది. అది లేకపోతే పెద్ద కూటాలు, తిరునాళ్లు వదులుకోవాలి. చిన్న పెట్టెతో చావులకూ, పుట్టినరోజులకూ పోవాలి. ఉండాలా పోవాలా అన్నది నా మాట మీద ఆగింది. నేను ప్రతి ఉదయం విని, ప్రతి ఉదయం బాగాలేదనే చెప్పాను. నాకు అలాగే వినిపించింది మరి. చివరికి చిన్నాయన, "జనం ముందర మనల్ని నగుబాటు చేయకముందే తీసేద్దాం" అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

కొమరోలు నుంచి వచ్చినాయన

చెడిపోయిన మిక్సర్లు కొని, బటన్లూ బోర్డులూ విడదీసి అమ్ముకునే ఒకాయన కొమరోలు నుంచి బస్సులో వచ్చాడు. మెడలో తుండు, చేతిలో ఖాళీ గోతం. బల్ల మీద మిక్సర్ చూసి, ఒక పాట పెట్టమన్నాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పాట మొత్తం అయ్యేదాకా తీయలేదు.

"ఏంది ఇమ్మానుయేలన్నా, బతికున్నదాన్ని చచ్చిపోయిందని అమ్ముతుండావు?"

"ఎడమ పోయింది."

"ఎవరు చెప్పినారు?"

"మా పాప."

అతను నా వైపు చూశాడు. నేను కింద చూశాను. "సరేలే, నాకేం పోయె. బతికున్నది దొరికితే నాకే మేలు. మళ్లీ నన్ను అనొద్దు" అని హెడ్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, గోతం విప్పుకున్నాడు.

పోయే ముందు చివరిసారి విందామని పెట్టుకున్నాను. అదే పాట. కుడివైపు గజ్జెలు రాలుతున్నాయి. ఎడమవైపు మొద్దుగా ఉన్నాయి. అవునులే అనుకున్నాను. తీయబోతుంటే వైరు నా కుడి భుజం మీదుగా వేలాడుతూ కనిపించింది. ఆ హెడ్‌ఫోన్ వైరు ఎడమవైపు ఉంటుంది. అతను ఇచ్చినట్టే తీసుకుని తిరగేసి పెట్టుకున్నాను.

అంటే మిక్సర్ ఎడమవైపు నుంచి వచ్చేది ఇప్పుడు నా కుడి చెవిలో ఉంది. అక్కడ గజ్జెలు స్పష్టంగా ఉన్నాయి.

తీసి, సరిగ్గా పెట్టుకున్నాను. మొద్దు ఎడమవైపే. మళ్లీ తిప్పాను. ఎడమవైపే. ఎన్నిసార్లు తిప్పానో, వాళ్లిద్దరూ మాటలాపి నన్ను చూస్తున్నారు. అన్నీ మార్చాం. నన్ను మాత్రం మార్చలేదు.

అతను మిక్సర్‌ను గోతంలోకి ఎత్తబోయాడు. నేను దాని మీద చేయి వేశాను.

"అమ్మొద్దు చిన్నాయనా."

"ఏందమ్మా?"

"తప్పు దాంట్లో లేదు."

"మరి యాడుంది?"

నా ఎడమ చెవి చూపించాను. చిన్నాయనకు అర్థం కాలేదు. హెడ్‌ఫోన్ తిప్పి చూపించాను. అప్పుడు అర్థమైంది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కొమరోలాయన గోతం మడత పెట్టుకున్నాడు. బస్సుకు పోతూ గడప దగ్గర ఆగి, "బిడ్డను ఒంగోలు తీసకపో అన్నా. ఆలస్యం చేయొద్దు" అన్నాడు.

చిన్నాయన హెడ్‌ఫోన్ వైరు చుట్టి పక్కన పెట్టాడు. "ఈ దుకాణంలో చెవిటోణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటినే" అన్నాడు. నవ్వబోయాడు, రాలేదు.

అర్థం కానివి

ఒంగోలులో డాక్టరు గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాడు. చాలా ఏళ్లుగా ఎడమ చెవి పెద్ద మోత పక్కన ఉందా అని అడిగాడు. ఉందన్నాను. పోయింది తిరిగి రాదన్నాడు. ఉన్నది నిలవాలంటే ఆ కుర్చీ వదిలేయమన్నాడు. వదిలేశాను.

మిక్సర్ ఇప్పటికీ దుకాణంలో ఉంది. తిరునాళ్లకు పోతోంది. మధ్యలో ఒకసారి మస్తాన్ మామ దుమ్ము దులపడానికి విప్పితే, ఎడమవైపు బోర్డు మూలన పచ్చగా తుప్పు కనిపించింది. గోకి, టంకం పెట్టి అతికాడు. "ఇది సౌండును చెడగొట్టేంత కాదమ్మా" అన్నాడు. మరి ఎందుకు అప్పుడు నాకు అంత తేడాగా వినిపించింది? చెవి ఒక్కరోజులో పోదు. ఎప్పటి నుంచి పోతోందో నాకు తెలియదు. నీళ్లు పడ్డాక ఎడమవైపు చెడి ఉంటుందనుకుని విన్నాను కాబట్టి చెడినట్టు పట్టుకున్నానా? తుప్పు వాటా ఎంత, నా చెవి వాటా ఎంత? ఎంత ఆలోచించినా విడదీయలేకపోయాను.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అదీ తెలియదు. నీళ్లు నెట్టినవాళ్లు ఖాళీ చోటు చూసి నెట్టారు. సంఘ పెద్ద నా మంచికే బల్లను అటు వేయించాడు. ఆ వైపు ఆడవాళ్లు పెట్టిన టీలు, కట్టిన చీర నీడలు నిజమే. నేను ఒక్కసారి "ఇక్కడ వద్దు" అని గట్టిగా అని ఉంటే ఏమయ్యేదో. అనాలని నాకు తోచనే లేదు. హాయిగా ఉన్నచోట అలాంటి మాట ఎలా తోస్తుంది?

పోయిన నెల అదే తర్లుపాడు అవతలి ఊళ్లో మళ్లీ కూటాలు. నేను ఊరికే పోయాను. అమ్మగారు నన్ను వాటేసుకుని, "రావే తల్లీ, మిక్సర్ బాగుండాదా?" అని అడిగింది. బాగుందన్నాను. సంఘ పెద్ద మనుషులను పెట్టి గ్రేసు బల్లను ఎడమవైపు బాక్సు దగ్గరకు మోయిస్తున్నాడు.

చిన్నాయన వైర్ల చుట్ట కింద పడేసి వచ్చాడు. "నడిమధ్యన ఏయించు పెద్దాయనా."

"మగోళ్ల మధ్యనా? పెండ్లి కావాల్సిన పిల్ల..."

"అయితే మగోళ్లను జరగమను" అన్నాడు చిన్నాయన. "ఆ పిల్లకు రెండు చెవులు ఉండాయి. రెండూ నాకు కావాల."

కొంచెం గొణుగుడు వినిపించింది. తరువాత చాపలు జరిగాయి. బల్ల నడిమధ్యకు పోయింది. గ్రేసు తల దించుకుని, చెవుల దాకా ఎర్రబడి వైర్లు కలుపుకుంటోంది. నాకు నేనే కనిపించాను.

పాట మొదలైంది. మధ్యలో గ్రేసు నా వైపు తిరిగి, ఎలా ఉందని కళ్లతో అడిగింది. రెండు చేతులూ తల పక్కన పెట్టి, హెడ్‌ఫోన్ తిప్పినట్టు చూపించాను. ఆమె తీసి, తిరగేసి పెట్టుకుని, కాసేపు విని, బాగుందని తల ఊపింది.